సెప్టెంబర్ 22 బిల్లు ఏ రేటులో పడాలి? డేటాబేస్‌లో తేదీల వ్యవధులు ఎక్కడ తప్పుతాయి

2025 సెప్టెంబర్ 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. యర్రగుంట్ల, తాడిపత్రి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న ప్రాంతం మనది. కాబట్టి కడప, అనంతపురంలో బస్తాలు అమ్మే దుకాణాల్లో ఆ రోజంతా ఒకటే చర్చ: ఏ బిల్లు పాత రేటు, ఏ బిల్లు కొత్త రేటు? సరుకు ఎప్పుడు ఇచ్చారు, బిల్లు ఎప్పుడు రాశారు, డబ్బు ఎప్పుడు ముట్టింది అన్నదాన్ని బట్టి దాన్ని చట్టం తేలుస్తుంది. ఈ వ్యాసం విషయం దాని తర్వాతి మెట్టు. ఏ తేదీ లెక్కలోకి తీసుకోవాలో తేలిపోయాక కూడా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పగలదు. ఒక్కోసారి ఒకే బిల్లును రెండుసార్లు చూపిస్తుంది, ఒక్కోసారి అసలు చూపించదు. కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. వ్యవధి చివరి గీత ఎక్కడ పడుతుందో పట్టిక తయారుచేసినవాళ్లు ఒకలా అనుకుంటారు, డేటాబేస్‌ను అడిగే ప్రశ్న రాసినవాళ్లు ఇంకోలా అనుకుంటారు.

తేదీ వేరు, క్షణం వేరు

రిలేషనల్ డేటాబేస్ అంటే సమాచారాన్ని వరుసలు, కాలమ్‌లతో పట్టికలుగా దాచేది. పోస్ట్‌గ్రెస్, మైసీక్వెల్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్నీ ఈ కోవలోవే. కాలాన్ని దాచడానికి వీటిలో ముఖ్యంగా రెండు రకాల కాలమ్‌లు ఉంటాయి. ఒకటి తేదీ, అంటే క్యాలెండర్‌లో ఒక గడి. రెండోది టైమ్‌స్టాంప్, అంటే తేదీతో పాటు గంట, నిమిషం, సెకను, సెకనులో భాగాలు కూడా ఉన్న ఒక క్షణం. ఒరాకిల్‌లో ‘డేట్’ అనే కాలమ్‌లో కూడా గంటలు, నిమిషాలు, సెకన్లు ఉంటాయి. పేరు చూసి మోసపోయేవాళ్లు చాలామంది.

తేదీని టైమ్‌స్టాంప్‌తో పోల్చినప్పుడు డేటాబేస్ ఆ తేదీని అర్ధరాత్రి 00:00:00గా చదువుతుంది. అంటే ‘సెప్టెంబర్ 21’ అంటే ఆ రోజు మొత్తం కాదు, ఆ రోజు మొదలైన క్షణం మాత్రమే. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకుంటే కింద చెప్పబోయే సగం చిక్కులు వాటంతట అవే అర్థమవుతాయి.

వ్యవధి అంటే ఒక మొదలు, ఒక ముగింపు. రేటు అమల్లో ఉన్న కాలం, గది బుక్ చేసుకున్న కాలం, ఒక ఉద్యోగి ఒక పోస్టులో పనిచేసిన కాలం, అన్నీ వ్యవధులే. మొదలు గురించి పెద్దగా తగవు ఉండదు. తగవంతా ముగింపు దగ్గరే. రాసిన ముగింపు తేదీ వ్యవధి లోపలిదా, బయటిదా?

లోపలిదైతే దాన్ని మూసిన వ్యవధి అంటారు. ముగింపు తేదీకి ముందు క్షణం వరకే లెక్కలోకి వస్తే అది సగం తెరిచిన వ్యవధి. మొదలు లోపల, ముగింపు బయట.

ఒకే బిల్లు రెండుసార్లు, లేదా ఒక్కసారి కూడా లేదు

రేట్ల పట్టిక ఇలా ఉందనుకుందాం.

సరుకు | శాతం | మొదలు | ముగింపు
సిమెంటు | 28 | 2017-07-01 | 2025-09-22
సిమెంటు | 18 | 2025-09-22 | (ఖాళీ)

జీఎస్టీ మొదలైన 2017 జూలై 1 నుంచి 28 శాతం, తర్వాత 18. రెండో వరుసలో ముగింపు ఖాళీగా ఉండటం గురించి తర్వాత చూద్దాం. ప్రస్తుతానికి అక్కడ దూరంగా ఉన్న ఏదో ఒక తేదీ ఉందనుకోండి.

డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్. అందులో ‘బిట్వీన్’ అనే మాట ఉంది. ఇది రెండు చివరలనూ కలుపుకుంటుంది. బిల్లు కాలమ్‌లో తేదీ మాత్రమే ఉండి, బిల్లు తేదీ 2025-09-22 అయితే, ‘బిల్లు తేదీ మొదలుకీ ముగింపుకీ బిట్వీన్’ అని అడిగినప్పుడు రెండు వరుసలూ మాకు సరిపోయాయంటాయి. బస్తా ధర పన్నుకు ముందు 300 రూపాయలు, కొన్నది 100 బస్తాలు అనుకుందాం (ఈ అంకెలు ఉదాహరణకే). 28 శాతంతో 38,400, 18 శాతంతో 35,400. నివేదికలో రెండూ కూడి 73,800 అని కనిపిస్తుంది. అమ్మకం జరిగింది ఒక్కసారే.

దీన్ని గమనించిన ప్రోగ్రామర్ పాత వరుస ముగింపును 2025-09-21కి మారుస్తాడు. తేదీలు మాత్రమే ఉన్నంతకాలం అంతా సవ్యంగానే నడుస్తుంది. కొన్నాళ్లకు యజమాని ‘ఏ గంటలో ఎన్ని బిల్లులు పడుతున్నాయో చూడాలి’ అంటాడు. బిల్లు కాలమ్ తేదీ నుంచి టైమ్‌స్టాంప్‌గా మారుతుంది. రేట్ల పట్టికను ఎవరూ ముట్టుకోరు. సెప్టెంబర్ 21 సాయంత్రం 4:40కి రాసిన బిల్లు ఇప్పుడు ఏ వరుసలో పడుతుంది? పాత వరుస 21వ తేదీ అర్ధరాత్రి 00:00:00కే అయిపోయింది. కొత్తది 22న మొదలవుతుంది. ఆ బిల్లు రెండిట్లోనూ లేదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. నివేదికలో మొత్తం తగ్గుతుంది, అంతే. పట్టిక చూసినవాళ్లకు 21, 22 పక్కపక్కనే కనబడతాయి కాబట్టి అనుమానం కూడా రాదు. రెట్టింపు కనిపిస్తే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. మాయమైతే ఆడిట్ దాకా ఎవరికీ తెలియదు. అందుకే ఈ రెండో తప్పే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం.

నెలవారీ నివేదికల్లోనూ ఇదే కథ. ‘మార్చి 1కీ మార్చి 31కీ బిట్వీన్’ అని టైమ్‌స్టాంప్ కాలమ్‌ను అడిగితే మార్చి 31న జరిగిన వ్యాపారం దాదాపు మొత్తం జారిపోతుంది. ఆర్థిక సంవత్సరం ముగిసే రోజు అది. దుకాణాల్లో హడావుడి ఎక్కువగా ఉండే రోజు కూడా.

23:59:59 అతుకు

దీనికి చాలామంది వేసే అతుకు ముగింపును 2025-09-21 23:59:59 అని రాయడం. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ పోస్ట్‌గ్రెస్ టైమ్‌స్టాంప్‌లో సెకనులో పది లక్షలో వంతు దాకా దాచుకోవచ్చు. 23:59:59.4కి పడ్డ లావాదేవీ మళ్లీ సందులో పడుతుంది. సరే, 23:59:59.999 అని రాద్దామంటే, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత ‘డేట్‌టైమ్’ రకం సెకనును 300 భాగాలుగా మాత్రమే చూడగలదు. దానికి .999 అంటే తర్వాతి రోజు 00:00:00.000గా గుండ్రం చేసేస్తుంది. ఆ రకంలో రోజులో చివరి క్షణం .997. అంటే రోజు చివరి క్షణం ఏదన్నది కాలమ్ రకాన్ని బట్టి మారిపోతుంది. రేపు డేటాబేస్ మారిస్తే అది కూడా మారుతుంది.

తర్వాతి రోజు మొదటి క్షణం మాత్రం ఎక్కడైనా ఒక్కటే. సగం తెరిచిన వ్యవధిలో ఉన్న సౌకర్యం ఇదే.

బిల్లు_సమయం >= మొదలు
మరియు బిల్లు_సమయం < ముగింపు

మొదట చూపిన పట్టికను ఈ షరతుతో అడిగితే 21 సాయంత్రం బిల్లు 28 శాతంలో, 22 ఉదయం బిల్లు 18 శాతంలో పడతాయి. సరిగ్గా అర్ధరాత్రి పడ్డది కూడా కొత్త రేటులోకే, ఒక్కసారే. కాలమ్‌లో తేదీ ఉన్నా టైమ్‌స్టాంప్ ఉన్నా షరతు మార్చనక్కర్లేదు.

ముగింపును లోపల పెట్టుకోవాలనేవాళ్ల వాదన

సగం తెరిచిన వ్యవధే మేలని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1982లోనే వాదించాడు, అంకెల వరుసల విషయంలో. ముగింపు నుంచి మొదలు తీసేస్తే పొడవు నేరుగా వస్తుంది, ఒకదాని ముగింపే ఇంకోదాని మొదలవుతుంది అన్నవి ఆయన చూపిన లాభాల్లోవి. కర్నూలునే ఉదాహరణగా తీసుకుందాం. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న ఏర్పడింది, కర్నూలు రాజధాని. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాద్‌కు వెళ్లింది. కర్నూలు వరుసలో ముగింపు 1956-11-01, హైదరాబాద్ వరుసలో మొదలు కూడా 1956-11-01. ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే 1,127 రోజులు. ముగింపును 1956-10-31గా దాస్తే తీసివేతలో 1,126 వస్తుంది, ఒకటి కలపాలి. ఆ ఒకటిని కలపడం ఒక చోట గుర్తుంటుంది, పది చోట్ల గుర్తుండదు.

అయితే రెండో పక్షాన్ని తీసిపారేయలేం. కాగితాల మీద మనుషులు రాసేది మూసిన వ్యవధినే. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుందని చట్టం, కౌలు ఫలానా తేదీ దాకా అని ఒప్పందం, సెలవు సోమవారం నుంచి బుధవారం దాకా అని దరఖాస్తు. బుధవారం కూడా సెలవే. పట్టికలో గురువారం అని కనబడితే ఆఫీసులో ఎవరో ఒకరు ‘తప్పు పడింది’ అని దిద్దేస్తారు, అప్పుడు నిజంగానే తప్పు పడుతుంది. పట్టికను నేరుగా ఎక్సెల్‌లోకి దింపుకుని చూసే చోట్ల ఇది ఊహించిన భయం కాదు. పైగా ఆ కాలమ్‌లోకి గంటలు ఎప్పటికీ రావని ఖాయమైతే, మూసిన వ్యవధి గణితపరంగా తప్పేమీ కాదు.

నా మొగ్గు మాత్రం దాచేటప్పుడు సగం తెరిచి దాచడం, తెర మీద చూపించేటప్పుడు ఒక రోజు తగ్గించి చూపించడం వైపే. దాచే విషయంలో పోస్ట్‌గ్రెస్ ఇదే పని చేస్తుంది. తేదీల వ్యవధిని మీరు రెండు చివరలూ మూసి ఇచ్చినా, అది లోపల తర్వాతి రోజుకు జరిపి, సగం తెరిచిన రూపంలోకి మార్చి దాచుకుంటుంది. ఒకే సంస్థలో ఒక పట్టిక ఇలా, ఇంకోటి అలా ఉంటే మాత్రం ఏ పక్షమూ కాపాడలేదు.

అర్ధరాత్రి ఎవరిది? ఐదున్నర గంటల తేడా

చాలా సర్వర్లు సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో దాస్తాయి. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. కర్నూలు నుంచి అనంతపురం మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన రాత్రంతా నడిచే పెట్రోలు బంకు ఒకటి ఉందనుకోండి. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 3:15కి ఒక లారీ డీజిల్ పోయించుకుంది. యూటీసీలో అది మార్చి 31 రాత్రి 9:45. సర్వర్ తేదీ ప్రకారం ‘ఏప్రిల్ 1 నుంచి’ అని అడిగితే ఆ బిల్లు పోయిన ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా పడ్డ బిల్లులన్నిటిదీ అదే గతి.

పరిష్కారం వ్యవధి చివరలను మార్చి అడగడం. మన ఏప్రిల్ 1 అర్ధరాత్రి అంటే యూటీసీలో మార్చి 31, 18:30. షరతులో ఆ క్షణాన్ని పెడితే చాలు. దీనికి బదులు ప్రతి వరుసలోని సమయాన్ని మన సమయంలోకి మార్చి, అందులోంచి తేదీ తీసి పోల్చేవాళ్లూ ఉన్నారు. సమాధానం సరిగ్గానే వస్తుంది. కానీ కాలమ్ మీద ఇలా లెక్క పెట్టగానే ఆ కాలమ్‌కున్న మామూలు ఇండెక్స్ (వరుసల్ని త్వరగా వెతికే సూచిక) పనికిరాకుండా పోతుంది, పట్టిక మొత్తం తిరగేయాల్సి వస్తుంది. ‘సంవత్సరం(తేదీ) = 2025’ అని రాసే ప్రశ్నలదీ ఇదే జబ్బు.

బంకు ఉదాహరణలో ఇంకో మెలిక ఉంది. 2017 జూన్ 16 నుంచి దేశమంతా పెట్రోలు, డీజిల్ ధరలను రోజువారీగా సవరించే పద్ధతి వచ్చింది, కొత్త ధర ఉదయం 6 గంటలకు అమల్లోకి వస్తుంది. అంటే ధర వ్యవధి 6 నుంచి 6 వరకు. ఇక్కడ తేదీ కాలమ్ పెట్టుకుంటే ఎంత జాగ్రత్తగా షరతు రాసినా లాభం లేదు, రాత్రి 2 గంటల బిల్లుకు ఆ ఉదయం 6కి రావాల్సిన కొత్త ధర తగులుకుంటుంది.

రెండు బుకింగులు ఎప్పుడు ఢీకొంటాయి

మంత్రాలయంలో ఆరాధన రోజులు. గది ఒక్కటి, అడిగేవాళ్లు చాలామంది. 12వ నంబరు గది 10వ తేదీ నుంచి 13 వరకు ఇచ్చారు, అంటే 13 ఉదయం ఖాళీ చేస్తారు. ఇప్పుడొకరు 13 నుంచి 15 వరకు కావాలన్నారు. ఇవ్వొచ్చా?

కొత్తగా ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు ముందుగా రాసే షరతు ఇది: కొత్త బుకింగ్ మొదలు పాతదాని లోపల పడుతుందా, లేదా కొత్తదాని ముగింపు పాతదాని లోపల పడుతుందా. పరీక్షల్లో చాలావరకు నెగ్గుతుంది కూడా. కానీ పాతది 11 నుంచి 12, కొత్తది 9 నుంచి 15 అయితే? కొత్తదాని రెండు చివరలూ పాతదానికి బయటే ఉన్నాయి. షరతు ‘ఢీ లేదు’ అంటుంది. పాతదాన్ని కొత్తది మొత్తంగా మింగేసింది.

తిరగేసి ఆలోచిస్తే దారి దొరుకుతుంది. రెండు వ్యవధులు ఢీకొనకపోవడానికి రెండే మార్గాలున్నాయి. మొదటిది అయిపోయాక రెండోది మొదలవ్వాలి, లేదా రెండోది అయిపోయాక మొదటిది మొదలవ్వాలి. ఈ రెండూ కానిదంతా ఢీకొన్నట్టే.

పాత_మొదలు < కొత్త_ముగింపు
మరియు కొత్త_మొదలు < పాత_ముగింపు

మన ప్రశ్నకు వేసి చూస్తే, 10 < 15 నిజమే, 13 < 13 కాదు. ఢీ లేదు, గది ఇవ్వొచ్చు. 11–12, 9–15 జతకు వేస్తే 11 < 15 నిజం, 9 < 12 నిజం. ఢీ ఉంది. ఇక్కడ < బదులు <= రాస్తే 13న గది ఖాళీగా పడి ఉంటుంది, బయట జనం నిలబడి ఉంటారు. కానీ అదే షరతు రోజు మొత్తానికి ఇచ్చే కల్యాణ మండపానికైతే, ముగింపు తేదీ కూడా వాడుకునే రోజే అయితే, <= అనేదే సరైనది. కంప్యూటర్ శాస్త్రవేత్త జేమ్స్ అలెన్ 1983లో రెండు వ్యవధుల మధ్య ఉండగల సంబంధాలు మొత్తం 13 అని లెక్కతేల్చాడు. పైన రాసిన రెండు ముక్కల షరతు వాటిలో 9 సందర్భాలను ఢీ అంటుంది. ముందు, తర్వాత, అటు అంటుకుని, ఇటు అంటుకుని ఉన్న నాలుగింటిని వదిలేస్తుంది.

షరతు సరిగ్గా రాసినంత మాత్రాన గది ఇద్దరికి వెళ్లదన్న భరోసా లేదు. రెండు కౌంటర్లలో ఇద్దరు ఉద్యోగులు ఒకే సెకనులో ‘ఖాళీ ఉందా’ అని చూస్తారు. ఇద్దరికీ ఉందనే వస్తుంది. ఇద్దరూ రాసేస్తారు. చూడటానికీ రాయడానికీ మధ్య ఉన్న సందులో ఇంకొకరు దూరతారు కాబట్టి, కాపలా డేటాబేస్ దగ్గరే ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో 2010 నుంచి ‘ఎక్స్‌క్లూజన్’ అనే కట్టుబాటు ఉంది, 2012లో వచ్చిన 9.2 నుంచి వ్యవధి అనేదే ఒక కాలమ్ రకంగా ఉంది. రెండూ కలిపితే ‘ఒకే గది, ఢీకొనే వ్యవధి ఉన్న రెండు వరుసలు ఉండకూడదు’ అని పట్టికకే చెప్పేయొచ్చు. రెండో ఉద్యోగికి అప్పుడు ఎర్రర్ వస్తుంది, రావాలి కూడా. మైసీక్వెల్‌లో ఇలాంటిది లేదు. అక్కడ పాత ఉపాయమొకటి ఉంది: బుకింగ్‌కు ఒక వరుస కాకుండా, రాత్రికి ఒక వరుస రాయడం. మూడు రాత్రులకు మూడు వరుసలు, గది నంబరు–తేదీ జత మళ్లీ రాకూడదన్న యూనిక్ కీ. మోటుగా అనిపించినా గట్టి పద్ధతి. గంటల చొప్పున అద్దెకిచ్చే వాటికి మాత్రం పనికిరాదు.

ముగింపు తెలియనప్పుడు ఏం రాయాలి

18 శాతం రేటు ఎప్పటిదాకా ఉంటుందో ఇవాళ ఎవరికీ తెలియదు. ఆ గడిలో ఏం పెట్టాలన్నదాని మీద మూడు బడులున్నాయి.

ఖాళీగా వదలాలనేది మొదటిది. డేటాబేస్ భాషలో నల్. తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచడం నిజాయితీ. కానీ నల్‌తో ఏది పోల్చినా జవాబు అవునూ కాదు, కాదూ కాదు, ‘తెలియదు’. షరతులో ‘తెలియదు’ వస్తే ఆ వరుస బయటికి రాదు. అంటే ‘బిల్లు_సమయం < ముగింపు’ అని మామూలుగా రాస్తే ఇప్పుడు అమల్లో ఉన్న రేటే కనిపించదు, చచ్చిపోయిన రేట్లు మాత్రం చక్కగా వస్తాయి. ప్రతిచోటా ‘ముగింపు నల్ అయినా సరే’ అని జోడించాలి.

9999-12-31 పెట్టాలనేది రెండోది. పోలికలన్నీ సాఫీగా నడుస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ చరిత్రను కూడా దాచే తన పట్టికల్లో, ప్రస్తుతం నడుస్తున్న వరుసలకు ఇలాంటి చివరి క్షణాన్నే పెడుతుంది. తలనొప్పి బయట మొదలవుతుంది. 9999 డిసెంబర్ 31 రాత్రి 23:59:59 యూటీసీని మన సమయంలోకి మార్చమంటే 10000వ సంవత్సరం వస్తుంది, చాలా ప్రోగ్రామింగ్ భాషలు అక్కడ చేతులెత్తేస్తాయి. మైసీక్వెల్ ‘టైమ్‌స్టాంప్’ రకమైతే 2038 జనవరి 19 దాటి వెళ్లలేదు. సగటు ఎన్ని రోజులు అని లెక్క వేస్తే దాదాపు ఎనిమిది వేల సంవత్సరాలు అందులో కలుస్తాయి.

మూడోది పోస్ట్‌గ్రెస్‌లో ఉన్న ‘ఇన్ఫినిటీ’. తేదీ కాలమ్‌లోనే అనంతం అని రాయొచ్చు. శుభ్రంగా ఉంటుంది, కానీ ఇంకో డేటాబేస్‌కు మారితే వెంట రాదు. ఇందులో ఎవరిదీ పూర్తిగా తప్పని నేననను. పట్టికను నాలుగైదు సాఫ్ట్‌వేర్లు చదివే చోట నల్ కాస్త తక్కువ ప్రమాదమనిపిస్తుంది, మరిచిపోతే తప్పు త్వరగా బయటపడుతుంది కాబట్టి.

కలగలిసిన వ్యవధుల్ని కూడటం

కర్నూలు–కడప కాలువకు ఒక సీజన్‌లో ఎన్ని రోజులు నీళ్లు వచ్చాయో చెప్పాలనుకోండి. రెండు రిజిస్టర్ల నుంచి ఎక్కించిన వరుసలు ఇలా ఉన్నాయి. తేదీలు ఊహించినవి, ముగింపు బయటిది.

జూలై 20 – ఆగస్టు 15 : 26 రోజులు
ఆగస్టు 10 – సెప్టెంబర్ 5 : 26 రోజులు
సెప్టెంబర్ 12 – అక్టోబర్ 30 : 48 రోజులు

కూడితే 100. కానీ ఆగస్టు 10 నుంచి 15 వరకు ఐదు రోజులు రెండుసార్లు లెక్కకొచ్చాయి. మొదటి రెండింటినీ అతికితే జూలై 20 – సెప్టెంబర్ 5, 47 రోజులు. దానికి 48 కలిపితే 95. ఇదీ నిజమైన లెక్క.

అతకడానికి వరుసల్ని మొదలు ప్రకారం పేర్చి, ప్రతి వరుస మొదలునూ ముందు వరుస ముగింపుతో పోలిస్తే చాలనిపిస్తుంది. చాలదు. జూలై 20 – సెప్టెంబర్ 5 అని ఒక పొడుగు వరుస, దాని కడుపులో జూలై 25 – ఆగస్టు 1 అని ఒక చిన్నది, తర్వాత ఆగస్టు 10 – 15 ఉన్నాయనుకోండి. మూడోదాన్ని సరిగ్గా ముందున్న వరుసతో పోలిస్తే ఆగస్టు 1కీ 10కీ మధ్య ఖాళీ ఉందనిపిస్తుంది. నిజానికి పొడుగు వరుస ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి పోల్చాల్సింది ముందు వరుస ముగింపుతో కాదు, అప్పటిదాకా వచ్చిన ముగింపులన్నిటిలో పెద్దదానితో. విండో ఫంక్షన్‌తో (ప్రతి వరుసకూ దాని చుట్టుపక్కల వరుసల్ని చూసి లెక్కగట్టే ఎస్‌క్యూఎల్ సాధనం) ఆ గరిష్ఠాన్ని ప్రతి వరుస పక్కనా రాసుకుని, కొత్త మొదలు దాన్ని దాటిన చోటల్లా కొత్త గుంపు మొదలుపెడతారు. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి విడివిడి వ్యవధుల్ని ఒకే విలువగా దాచే రకం కూడా వచ్చింది, ఈ అతుకు పని అదే చేసిపెడుతుంది.

ఫసలీ, ఆర్థిక సంవత్సరం, క్యాలెండర్

రెవెన్యూ లెక్కల్లో ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. 1434 ఫసలీ అంటే 2024 జూలై 1 నుంచి 2025 జూన్ 30 దాకా. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. రబీ పంట రెండు క్యాలెండర్ సంవత్సరాల్లో కాళ్లు చాపుకుని ఉంటుంది. వీటిని ప్రతి ప్రశ్నలోనూ ‘నెల 7 కంటే చిన్నదైతే సంవత్సరంలోంచి ఒకటి తీసేయ్’ అని లెక్కగట్టేవాళ్లున్నారు. వ్యవధుల పట్టిక ఒకటి పెట్టుకుంటే (పేరు, మొదలు, ముగింపు) పైన చూసిన మొదలు–ముగింపు షరతుతోనే పని అయిపోతుంది. ఇందులో ఇంతకుమించి చెప్పడానికేమీ లేదు.

జరిగిన తేదీ ఒకటి, తెలిసిన తేదీ ఇంకొకటి

ఇప్పటిదాకా ప్రతి వ్యవధికీ ఒకే గడియారం. ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం రెండు గడియారాలు బాగా అలవాటే, డీఏ పుణ్యమా అని. జీవో అక్టోబర్‌లో వస్తుంది, అమలు జనవరి 1 నుంచి అంటుంది. మూల వేతనం 40,000, డీఏ పెరుగుదల 3 శాతం అనుకుంటే నెలకు 1,200. జనవరి నుంచి సెప్టెంబర్ వరకు తొమ్మిది నెలల బకాయి 10,800.

పట్టికలో పాత డీఏ వరుస ముగింపును జనవరి 1గా దిద్ది, కొత్త వరుస వేశారనుకోండి. బకాయి లెక్క సరిగ్గా వస్తుంది. కానీ ఆగస్టులో ఇచ్చిన జీతం స్లిప్పును మళ్లీ తీయమంటే కొత్త డీఏతో వస్తుంది, అప్పట్లో చేతికిచ్చిన కాగితంతో సరిపోదు. ఆడిటర్ అడిగేది ఆ కాగితం గురించే.

అందుకే రెండు వ్యవధులు దాస్తారు. ఒకటి విషయం నిజంగా అమల్లో ఉన్న కాలం. రెండోది డేటాబేస్ దాన్ని నమ్మిన కాలం. మొదటిదాన్ని మనుషులు రాస్తారు, వెనక్కీ ముందుకీ దిద్దుతారు. రెండోదాన్ని డేటాబేస్ తనే రాసుకుంటుంది, దిద్దనివ్వదు. 2011 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఈ రెండింటికీ చోటిచ్చింది, రెంటిలోనూ ముగింపును బయటే ఉంచింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016లో రెండో రకం మాత్రమే వచ్చింది. మరియాడీబీ అనే ఇంకో డేటాబేస్‌లో రెండోది 10.3లో, మొదటిది 10.4లో వచ్చాయి. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18లో ‘వ్యవధులు ఢీకొనకూడదు’ అన్న షరతును ప్రైమరీ కీలోనే (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్‌లు) పెట్టొచ్చు.

జిల్లాల విభజనతో ఇది ఇంకో రూపంలో మన ముందుకొచ్చింది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలు ఏర్పడ్డాయి. బనగానపల్లె ఆ రోజు నుంచి నంద్యాల, హిందూపురం శ్రీ సత్యసాయి. మండలం వరుసలో జిల్లా పేరును నేరుగా మార్చేసినచోట 2021 నాటి హిందూపురం లెక్కలు కూడా శ్రీ సత్యసాయి జిల్లా కింద కనిపిస్తాయి. అప్పటికి ఆ జిల్లానే లేదు. మండలం–జిల్లా–మొదలు–ముగింపు అని వేరే పట్టిక ఉంటే, ‘కర్నూలు జిల్లాలో 2021కీ 2023కీ తేడా ఎంత’ అన్న ప్రశ్నకు మూడు రకాలుగా జవాబివ్వొచ్చు. ఏ ఏడాదికి ఆ ఏడాది సరిహద్దు తీసుకుంటే పెద్ద పతనం కనిపిస్తుంది, అది విభజన తప్ప మరేం కాదు. రెండేళ్లకూ కొత్త సరిహద్దు తీసుకుంటే పోలిక నిలుస్తుంది, కానీ 2021లో అచ్చయిన అంకెతో కలవదు. రెండేళ్లకూ పాత సరిహద్దు తీసుకుంటే పాత కాగితాలతో కలుస్తుంది, ఇప్పటి పరిపాలనకు అక్కరకు రాదు. వీటిలో ఏది కావాలో అడిగినవాళ్లే చెప్పాలి.

ఇండెక్స్ ఎంతవరకు ఆదుకుంటుంది

వ్యవధి షరతులో రెండు ముక్కలున్నాయి, విలువల్ని క్రమంలో పేర్చుకునే మామూలు బీ–ట్రీ ఇండెక్స్ ఒకదాన్నే గట్టిగా పట్టుకోగలదు. ‘మొదలు ఇవాళ్టికంటే ముందు’ అంటే పాత పట్టికలో దాదాపు అన్ని వరుసలూ సరిపోతాయి, మిగతా వడపోత ఒక్కొక్కటే చూసుకుంటూ చేయాలి. పోస్ట్‌గ్రెస్‌లో వ్యవధి రకానికి జిస్ట్ అనే ఇంకో రకం ఇండెక్స్ వేస్తే రెండు చివరలనూ కలిపి వెతుకుతుంది. ఒకే సరుకుకు వ్యవధులు ఢీకొనవని, మధ్యలో ఖాళీలుండవని ఖాయమైతే ఇంకా సులువు: ఆ తేదీకి ముందున్న మొదళ్లలో అన్నిటికంటే తాజా ఒక్క వరుసను తెమ్మంటే చాలు, ముగింపు చూడాల్సిన పనే లేదు. పెట్రోలు ధరల్లా రోజుకో వరుస చొప్పున ఎన్నో బంకుల లెక్కలు ఏళ్లతరబడి పోగైనచోట ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. రెండే వరుసలున్న సిమెంటు రేట్ల పట్టికకు ఇండెక్స్ ఉన్నా లేకపోయినా ఒకటే.